గౌదెన్సియో నడిపిన రేవుపేట

ఆదివారం పేటల మధ్య పడవ పందెం. ఇటలీలోని ఓర్తా సరస్సు ఒడ్డున పాత రేవుపేట పడవకి చుక్కాని ఎవరు పట్టాలో తేల్చడానికి, మధ్యాహ్నం వైన్ కొట్టు అరుగు మీద జనం చేరారు. గౌదెన్సియో ప్రాణమంతా ఆ చుక్కాని మీదే. ఇరవై ఏళ్ళుగా అడుగుతున్నాడు, ఒక్కసారీ ఇవ్వలేదు. అందుకే గిన్నెలో వైన్ సగం కాకుండానే అందుకున్నాడు.

"మొన్న మార్చిలో ఒక ట్రౌట్ చేప పడింది. పెద్దదేం కాదు. గాలం మింగి ఒకటే పరుగు! నేను వదుల్తానా? పడవతో సహా నన్ను సరస్సు నడుమ దీవి చుట్టూ మూడు చుట్లు తిప్పింది. ఆ తర్వాత ఏమైందో తెలుసా?"

"తాడు తెగింది," అన్నాడు రొట్టెలు కాల్చే ఎవాసియో.

"నా తాడా! కొస తెచ్చి మన గంటస్తంభానికి కట్టాను. చేప ఒక్క గుంజు గుంజిందయ్యా, పేట పేటంతా కదిలింది! చర్చి, అంగళ్ళు, ఆరేసిన దుప్పట్లతో సహా సరస్సులోకి! నేను స్తంభమెక్కి, గాలి దిక్కు చూపే ఇనుప గాలికోడిని చుక్కానిలా పట్టుకుని అటూ ఇటూ తిప్పుతూ నడిపాను. అవతలి ఒడ్డువాళ్ళు పేట మీదకొస్తోందని తలుపులేసుకున్నారు. మీరు భోంచేసి కునుకు తీస్తున్నారు, మీకేం తెలుసు?"

"మా ఇంట్లో పొలెంతా జావ కుండ ఒలికింది ఆరోజే కాబోలు," అన్నాడు ఎవాసియో.

"చూశావా మరి! అక్కడితో ఆగిందా? కొండెక్కింది! ముందు చేప, వెనక పేట, మంచు మీద జారుకుంటూ స్విట్జర్లాండ్ సరిహద్దు దాకా! 'చేపకి కాగితాలున్నాయా?' అన్నారు కాపలావాళ్ళు. ఎక్కడివి? వెనక్కి తిప్పి ఎక్కడి ఇల్లు అక్కడ పెట్టాను. ఒక్క పెంకు రాలితే ఒట్టు! పేటని నడిపినవాడికి ఒక పడవ లెక్కా?"

గౌదెన్సియో గుండె పొంగింది.

వల అల్లుతున్న ఎర్మెలిందా అవ్వ తలెత్తింది. "నిజమేరా. ఆరోజు నేను ఆ చేప కడుపులోనే ఉన్నాను."

"ఆఁ?"

"దాని నోట్లోంచి అంతా కనబడింది. గాలికోడి పట్టుకున్నది నువ్వు కాదు, నీ పెళ్ళాం ప్రాస్పెరా. నువ్వు కింద స్తంభాన్ని కౌగిలించుకుని 'కళ్ళు తిరుగుతున్నాయి, దించండర్రా' అని ఏడుస్తున్నావు."

అరుగంతా గొల్లున నవ్వింది. అబద్ధమని అరవబోయాడు గౌదెన్సియో. అవ్వది అబద్ధమైతే తన చేప కథా అబద్ధమైపోతుంది. తెరిచిన నోరు మూసుకున్నాడు.

"అయితే చుక్కాని ప్రాస్పెరాకే," అన్నాడు ఎవాసియో.

ఆదివారం రేవుపేట పడవ రెండోదిగా వచ్చింది. గౌదెన్సియో మూడో తెడ్డు దగ్గర కూర్చుని, పళ్ళు బిగించి, పెళ్ళాం "లాగు!" అన్నప్పుడల్లా లాగాడు.