లెసీ హస్తవాసి

దక్షిణ ఆస్ట్రేలియాలో ఒక విశ్వవిద్యాలయం. పాలిమర్లు, పెప్టైడ్లతో మందులు తయారుచేసే ప్రయోగశాల. గురువారం, మధ్యాహ్నం భోజనాలయ్యాక. లెసియేలి, అందరూ పిలిచేది లెసీ అని, బల్ల ముందు నిలబడి ఉంది. ఎఫీ ఎత్తు స్టూలు మీద కూర్చుని ఉంది. ఇద్దరికీ పీహెచ్‌డీలున్నాయి. కిటికీ మాత్రం ఒక్కటే.

“మళ్ళీ చెయ్యి.”

“ఇప్పుడేగా చేశాను, ఎఫీ.”

“ఈసారి నెమ్మదిగా చెయ్యి. నువ్వేం చేస్తున్నావో నాకు కనపడాలి.”

“పొడి వేశాను. ఉప్పునీళ్ళు పోశాను. మూతపెట్టి తిప్పాను. ఈ పళ్ళెంలో పోశాను. ఇంకేం కనపడాలి?”

“ఎటువైపు తిప్పావు?”

“కుడివైపు. ఎడమో మరి. సీసా నన్నడగలేదు.”

“లెసీ, నేను వేళాకోళానికి అడగట్లేదు.”

“నేనూ వేళాకోళానికి చెప్పట్లేదు. ఈ గదిలో అందరూ వాడే పొడే. అందరూ పోసే నీళ్ళే.”

“మరి నీకొక్కదానికే ఎందుకు గడ్డకడుతుంది? నేను పొద్దున కలిపింది చూడు. నీళ్ళు. నీళ్ళకన్నా నీళ్ళు.”

“ఇంకాసేపు ఉంచు.”

“నిన్న కూడా ఇంకాసేపే ఉంచాను. కాలిన గాయం మీద పోస్తే జున్నులా పట్టుకోవాలి ఇది. నేను చేసింది పోస్తే రోగి మంచం కింద మడుగు కడుతుంది.”

“పక్క బల్ల హేమిష్‌కి కూడా అంతేగా.”

“హేమిష్ సంగతి చెప్పకు. పోయిన వారం నీ కోటు తొడుక్కుని మరీ చేశాడు. జెల్లీ రాలేదు, కోటు చంకలో చిరిగింది.”

“అదా! నేను లావయ్యాననుకున్నాను.”

“మనసులో ప్రార్థన గానీ చేస్తావా?”

“నీళ్ళు కలపడానికా? మా అమ్మ వింటే మురిసిపోతుంది. లేదు, ఎఫీ. సాయంత్రానికి ఏం వండాలా అనుకుంటాను.”

“అదీ రాసుకోనా?”

“రాసుకో. నిన్న కోడి.”

“చూడు, నాకూ ఇది ఇష్టమై చెయ్యట్లేదు. బాసు కదా, డెస్ పిలిచి కూర్చోబెట్టాడు. ‘లెసీ ఎలా చేస్తుందో కనిపెట్టు, రేపట్లోగా’ అన్నాడు.”

“రేపట్లోగా.”

“అలాగే అన్నాడు.”

“రేపటితో నా కాంట్రాక్టు అయిపోతుంది కాబట్టి.”

“ఆ ముక్క అనలేదు.”

“అనక్కర్లేదు.”

“నువ్వు అడిగావా ఆయన్ని? పొడిగిస్తున్నారా లేదా అని?”

“అడిగాను.”

“ఏమన్నాడు?”

“‘చూద్దాం’ అన్నాడు. తరవాత మ్యాగ్‌పై పిట్టల గురించి చెప్పాడు. కారు దిగుతుంటే ఒకటొచ్చి నెత్తిమీద తన్నిందట.”

“మరి ఈ జెల్లీ మీద కన్నేసిన ఆ కంపెనీ వాళ్ళు…”

“కంపెనీ వాళ్ళు డబ్బిస్తే చూద్దాం. ఇవ్వకపోతే చూడం. ఆ గ్లవ్స్ పెట్టె ఇలా తొయ్యి.”

“మరి రేపు?”

“రేపు శుక్రవారం. కాఫీ తాగుతాం.”

“మీ పెద్దదానికి చెప్పావా?”

“పన్నెండో తరగతి పరీక్షలు నెత్తిమీదున్నాయి దానికి. అమ్మ ఉద్యోగం పోతే వీసా పోతుంది, వీసా పోతే పరీక్షలు రాయకుండానే అందరం తిరిగి మా దేశానికి, టోంగా విమానం ఎక్కాలి. ఇదంతా ఇప్పుడు దానికి చెప్పాలా?”

“చెప్పొద్దులే.”

“చెప్పలేదు.”

“భయంగా లేదా నీకు?”

“ఉండాలేమో. పొద్దున మొహం కడుక్కుంటుంటే అవి వేణ్ణీళ్ళో చన్నీళ్ళో తెలీలేదు. అంతే.”

“నువ్వు ఉండిపోతావనే నా ధీమా. ఈ జెల్లీ నీ చేతికి తప్ప ఎవరికీ కుదరదాయె. నిన్ను పంపిస్తే దాన్నీ పంపేసినట్టే.”

“నాకున్నది అదొక్కటే.”

“ఊ.”

“అందుకే అడుగుతున్నాను, ఎఫీ. అంత శ్రద్ధగా చూడకు.”

“అంటే?”

“కనిపెట్టలేకపోయానని చెప్పెయ్యి. నీ కాంట్రాక్టు ఇంకా రెండేళ్ళుంది. నిన్నెవరూ ఏమీ అనరు.”

“సరే. చూడను. గోడకేసి తిరిగి కూర్చుంటాను. మాట్లాడుకుందాం.”

“మాట్లాడు.”

“ఆ సీసా ఏంటి, అంచు విరిగిపోయి ఉంది?”

“ఇదేనా చూడకపోవడం?”

“ఊరికే అడిగానమ్మా. కొత్తది తెచ్చుకోవచ్చుగా.”

“కొత్తది కావాలంటే మెట్లు దిగి స్టోరుకి వెళ్ళాలి. అక్కడ గ్లెన్నిస్ ఉంటుంది. సీసా ఇచ్చేలోపు ఆవిడ మోకాలి ఆపరేషన్ మొదట్నుంచీ వినాలి. అంతకన్నా దీన్నే కడుక్కోవడం నయం.”

“ఎప్పుడూ ఇదేనా?”

“చేరినప్పట్నుంచీ ఇదే.”

“సబ్బుతో కడుగుతావా?”

“సబ్బు వేస్తే ఓ పట్టాన నురగ వదలదు. ఉత్త నీళ్ళు పోసి తొలిచి పారబోస్తాను. అలా మొహం పెట్టకు. నీ అంత మడి నాకు లేదు.”

“ఎప్పుడూ… ఉత్త నీళ్ళే.”

“ఎఫీ, అక్కడితో ఆపు.”

“మా నానమ్మ పెరుగు గిన్నె.”

“ఏ గిన్నె?”

“మా నానమ్మ పెరుగు గిన్నె ఎవర్నీ ముట్టుకోనిచ్చేది కాదు. ఒకసారి మా అమ్మ శుభ్రంగా తోమి బోర్లించింది. ఆవేళ పాలు తోడుకోలేదు. మా నానమ్మ ఈస్టర్ దాకా మా అమ్మతో మాట్లాడలేదు.”

“దానికీ దీనికీ ఏంటి సంబంధం…”

“అడుగున నిన్నటిది కొంచెం ఉండాలి. అదుంటేనే ఇవాళ్టిది పట్టుకుంటుంది. మేమందరం ఆసిడ్‌తో కడిగిన సీసాలు వాడుతున్నాం, లెసీ. తళతళ మెరిసిపోయే సీసాలు. నీ సీసా పగుల్లో పాతది ఎక్కడో అంటుకుని…”

“ఎఫీ.”

“ఇటివ్వు. ఒక్కసారి.”

“వద్దు.”

“ఒక్కసారే. ఇప్పుడే తొలిచావుగా, ఖాళీయేగా. నేను పొద్దున కలిపిన నీళ్ళు ఇందులో పోస్తాను. నువ్వు ముట్టుకోవద్దు.”

“తెలిస్తే ఏం చేస్తావు?”

“తెలీకపోతే నాకు నిద్రపట్టదు.”

“తెలిస్తే నాకు పట్టదు. సరేలే, తీసుకో. ఏదో ఒకటి అయిపోనీ.”

“పోస్తున్నాను. మూత పెట్టాను. తిప్పాను, ఎడమవైపు. ఎంతసేపు పడుతుంది?”

“నాకైతే చర్చిలో ఒక పాట అయ్యేలోపు.”

“పాడు మరి.”

“ఇప్పుడా? నువ్వే పాడుకో.”

“మొన్న ఫుట్టీ మ్యాచ్ చూశావా?”

“లేదు.”

“మావాళ్ళు ఓడిపోయారు.”

“ఎప్పుడూ ఓడిపోయేదేగా.”

“అదీ నిజమే. లెసీ.”

“ఊ.”

“ఇది కదలట్లేదు.”

“తల్లకిందులు చెయ్యి.”

“చేశాను. పడట్లేదు. లెసీ, నా చేతిలో! పొద్దుట్నుంచీ నీళ్ళలా కొట్టుకుంటున్నదే, ఒక్క చుక్కయినా…”

“అరవకు.”

“నీ చెయ్యి కాదు. అంచు విరిగిన సీసా!”

“విన్నాను.”

“ఇదెంత పెద్ద…”

“ఇక ఎవరైనా చెయ్యొచ్చు. అవునా?”

“ఎవరైనా చెయ్యొచ్చు.”

“హేమిష్ కూడా.”

“హేమిష్ కూడా. కోటు అక్కర్లేదు.”

“అయితే నేనెందుకు?”

“అలా అనకు.”

“మామూలుగానే అడుగుతున్నాను. నేనెందుకు? నాకు ఏడుపు కూడా రావట్లేదు, చూడు.”

“నేను చెప్పను.”

“నువ్వు చెప్పకుండా ఉండలేవు. పక్కపిల్ల కాపీ కొడుతోందని బళ్ళో లేచి నిలబడి చెప్పిన రకానివి. నువ్వే అన్నావు ఆ మాట.”

“అప్పుడు చిన్నదాన్ని. ఇప్పుడు చెప్పను. మీ పెద్దది పరీక్షలు రాసెయ్యనీ. తరవాత ఇద్దరం కలిసి ‘అరె, ఇప్పుడే తెలిసింది’ అందాం. సైన్సు ఎక్కడికీ పారిపోదు.”

“అబద్ధం కదూ?”

“ఆలస్యం. అబద్ధం వేరు, ఆలస్యం వేరు.”

“నీకు అలవాటు లేదు, ఎఫీ. మొహం ఎర్రబడుతోంది అప్పుడే.”

“ఎండ అంటాను.”

“కిటికీకి నువ్వు వీపు పెట్టి కూర్చున్నావు.”

“అబ్బా, నీ సంగతి నువ్వు చూసుకో. ముందు ఆ సీసా దాచు.”

“ఎక్కడ?”

“నీ టిఫిన్ సంచిలో. నా దాంట్లో వద్దు, మా ఆయన కనపడిందల్లా తోమేస్తాడు.”

“నీ అదృష్టం.”

“ఈ సీసా తోమేదాకానే అదృష్టం. ష్, డెస్ వస్తున్నాడు. ఆ బూట్ల చప్పుడు ఆయనదే.”

“ఇద్దరూ ఇక్కడే ఉన్నారా, మంచిది. ఒక్క నిమిషం, ఫోన్లో కంపెనీ ఆవిడ ఉంది. ఆఁ, ఉన్నారండీ, అడుగుతున్నాను. ఎఫీ, తేలిందా?”

“ఏది, డెస్?”

“లెసీ చేసేదే. నీ చేతిలో గడ్డకట్టిందా? ఔనో కాదో చెప్పు చాలు, ఆవిడ వింటోంది.”

“నేను… చాలాసార్లు చేశానండీ.”

“కట్టిందా?”

“లేదు.”

“ఒక్కసారి కూడా?”

“లేదండీ. అది లెసీ హస్తవాసి. ఇంకెవరికీ రాదు.”

“లెసీ, నువ్వేమంటావు? అంతేనా?”

“అంతే, డెస్.”

“విన్నారు కదండీ? ఆఁ. అవును, ఆమెకొక్కదానికే. అర్థమైంది. లేదు లేదు, ఇందులో మీ తప్పేముంది. ఉంటాను.”

“పెట్టేసిందా?”

“పెట్టేసింది.”

“ఏమంది, డెస్?”

“ఏముంది, ఒక్క మనిషి చేతిలోనే కుదిరేదాన్ని తామేం చేసుకుంటామంది. ఇంకొక్కరి చేతిలో గడ్డకట్టినా చాలు, లెసీని మూడేళ్ళు ఉంచుకుని మిగతావాళ్ళకి నేర్పిద్దామనుకున్నారు. ముందే చెప్పి మీకు ఆశ పెట్టడమెందుకని నేనే ఊరుకున్నాను.”