పసుపు పెట్టిన అర్జీ

క్వారీ పేలుళ్లకు పగిలిన బడిగోడ గురించి ఆ వృద్ధురాలు మూడోసారి అర్జీ రాసుకొని హుజూర్‌నగర్ మీసేవ కేంద్రానికి వచ్చింది. కంప్యూటర్ ముందున్న అమ్మాయి కాగితం అందుకుంది.

“మూలలకు పసుపెందుకు పెట్టినవ్ అవ్వా? గిది పెండ్లిపత్రికనా?”

“శుభం జరగాలని పెట్టిన. నవ్వకుండ పంపు బిడ్డా.”

“స్కాన్ చేసి పంపిన. నెట్‌ల ముక్కలు ముక్కలై పోతాంది.”

“చింపినవా? ముందు రెండూ గట్లనే మాయమైనయి!”

“చింపలే అవ్వా. ప్రతి ముక్క మీద చిరునామా, వరుస నంబరు ఉంటయి. ఏ తొవ్వన పోయినా అవతలి ఆఫీసుల మళ్లీ ఒక్క కాగితమైతయి.”

“తొవ్వల ఒకటి తప్పిపోతే?”

“అందిందని అవతలి కంప్యూటర్ చెప్పాలె. చెప్పకుంటే గా ముక్కనే మళ్లీ పోతది.”

“నా అర్జీ అందిందని ఇన్నేండ్లల్ల ఒక్క సారు గూడ అనలే.”

“ఇగో, రసీదు. నీ పసుపుతో సహా అందింది.”

“సల్లగుండు బిడ్డా. గీ రసీదే ఇంకోటి తియ్యి, బడిగోడ పగులు పక్కన అతికిస్త.”