ఒక అడుగు కొసరు

ప్రభుత్వ ఆఫీసుకు ఎదురుగా ఉన్న టీకొట్టులో ఒక పొడుగు బల్ల ఉంది. అది రేకుల కప్పు దాటి ఒక అడుగు బయటికి పొడుచుకొచ్చి, వచ్చేపోయేవాళ్ల మోకాళ్లకు తగులుతుంటుంది. ఆ చివరనే కూర్చుంటాడు వడ్రంగి మావయ్య. చెప్పేవాడికి వినేవాడు లోకువ అంటారు గానీ, మావయ్యకు వినేవాడు కూడా అక్కర్లేదు, టీ గ్లాసు ఉంటే చాలు.

ఆ రోజు పొద్దున పది గంటలకు మాత్రం వినేవాళ్లు పనిగట్టుకుని వచ్చారు. ఒకరు ఆయన మేనకోడలు, పాలిషు దుకాణం నడుపుతుంది. రెండోవాడు పక్క సందులో వెల్డింగ్ షెడ్డు ఉన్న వెల్డరు. బడిపిల్లల బల్లలకు టెండరు పడింది. ఏటా ఆ పనంతా పెద్ద ఫ్యాక్టరీ ఒక్కటే ఎగరేసుకుపోతుంది. ఈసారి పనిని ముక్కలు చేశారు, చిన్న దుకాణాలవాళ్లు ముగ్గురు నలుగురు కలిసి ఒక్కటిగా వేయొచ్చన్నారు. చెక్క మావయ్యది, ఇనుప కాళ్లు వెల్డరువి, పాలిషు మేనకోడలిది. మూడింటిలోపు కాగితాలూ, శాంపిలు బల్లా రోడ్డు దాటించి ఎదుటి ఆఫీసులో పెట్టాలి. వెల్డరు షెడ్డులో మూడు నెలలుగా ఈ శాంపిలుకు తప్ప నిప్పురవ్వ లేవలేదు. ఇది కూడా పోతే షెడ్డుకు తాళం వేసి, ఆ ఫ్యాక్టరీలోనే కూలికి చేరాలి.

అన్నీ నింపారు, ఒక్క గడి మిగిలింది. ఇంతకుముందు ప్రభుత్వానికి ఏం సరఫరా చేశారు అని ఉంది అక్కడ. రెండేళ్లుగా మావయ్య ఈ బల్ల మీద కూర్చుని అందరికీ చెబుతున్నది అదే కదా.

"ఎన్ని బల్లలిచ్చావు మావయ్యా?" అని మేనకోడలు పెన్సిలు పట్టుకుంది.

అప్పుడే నిజం చెప్పేస్తే పోయేది. చెప్పేద్దామనే ఆయన మనసు. కానీ మావయ్య నాలుక ఏనాడూ మనసును అడిగి కదల్లేదు.

"ఏదో చిన్న పనిలే అమ్మా, చెప్పుకోదగ్గది కాదు. నలభై బల్లలు."

మేనకోడలు చిత్తుకాగితం మీద నలభై వేసుకుంది.

"అసలు నేను పోదామనుకోలేదు. ఆ ఫారం చూస్తే రంపానికి పళ్లున్నన్ని గడులున్నాయి, నాకేమో సంతకం పెట్టడానికే అరగంట పడుతుంది, ఆ కంగారులో చొక్కా తిరగేసి తొడుక్కున్నా, ఆఫీసు మెట్లెక్కాక గానీ చూసుకోలేదు. లోపల పదిమంది ఫ్యాక్టరీ ఓనర్లు, ఒక్కొక్కరి వెనక ఫైళ్లు మోసేవాళ్లు ముగ్గురేసి. నా వెనక ఎవరున్నారు? నా బల్ల. అంతే. నన్ను చూసి బల్ల రిపేరుకు వచ్చాననుకున్నారు. ఆ తర్వాత ఏమైందో తెలుసా? ఆఫీసరు ఒక్కో శాంపిలు మీదా కూర్చుని చూస్తున్నాడు. ఒకటి కిర్రుమంది, ఇంకోటి ఒరిగింది, ఇంకోటి ఆయన ప్యాంటు చింపింది. నా బల్ల మీద కూర్చున్నాడా, ఇంక లేవలేదు."

"లేవలేదంటే?" అన్నాడు వెల్డరు.

"లేవలేదంటే లేవలేదు తమ్ముడూ. భోజనం అక్కడే, సంతకాలు అక్కడే. మూడో రోజు వాళ్లావిడ వచ్చి, మీరు ఇంటికొస్తారా, లేక ఇల్లే ఇక్కడికి మార్చమంటారా అని అడిగింది. దాంతో నలభై కాస్తా నాలుగొందలు చేశాడు."

మేనకోడలు నలభై కొట్టేసి నాలుగొందలు వేసింది. టీకొట్టావిడ గిన్నెలో చెంచా తిప్పడం ఆపి ఒకసారి ఇటు చూసి, మళ్లీ తిప్పింది.

"ఫ్యాక్టరీవాళ్లు ఊరుకుంటారా? బల్ల గట్టిదో కాదో తేల్చమని గొడవ. సరే, తేల్చండన్నా. రోడ్డు రోలరు తెప్పించారు. నాకేమో లోపల కాళ్లు వణుకుతున్నాయి, నా కాళ్లు సుమా, బల్లవి కాదు. రోలరు ఎక్కింది. దిగింది. చూస్తే బల్లకు గీత కూడా పడలేదు, రోలరు చక్రానికి మాత్రం బల్ల అంచు అచ్చు పడింది. ఇప్పటికీ ఆ రోలరు వేసిన రోడ్డు మీద పోతుంటే గజానికోసారి ఎగిరి పడతాం, గమనించారా?"

"నిజమే, ఎగురుతున్నాం" అన్నాడు వెల్డరు. పాపం, ఇంట్లో దిగులుతో ఉన్నవాడు, నవ్వే పని దొరికితే వదులుకోలేదు.

అతను నవ్వేసరికి మావయ్యకు ఇంకా ఊపొచ్చింది.

"అంతటితో అయిందా? వానలు పట్టుకున్నాయి. ఆఫీసులోకి నీళ్లు. మూడంతస్తుల సిబ్బందీ వచ్చి నా బల్ల ఎక్కేశారు."

"అంతమందికి చోటు చాలిందా మావయ్యా?"

"సర్దుకుంటే చాలుతుంది. అందుకేగా కాస్త పొడుగ్గా చేసింది. బల్ల తేలింది, గుమ్మంలో కొంచెం ఇరుక్కుంది గానీ, వాళ్లే నెట్టుకుని బయటపడ్డారు. వీధులెంట పోతోంది, దాని మీద గుమాస్తాలు స్టాంపులు వేస్తూనే ఉన్నారు, జనం ఈదుకుంటూ వచ్చి అర్జీలిచ్చి పోతున్నారు. రేపు రా అనే మాట ఆ ఒక్కరోజే వినపడలేదు, ఎందుకంటే రేపటికి బల్ల ఎక్కడుంటుందో వాళ్లకే తెలీదు. అలా పోయి పోయి పక్క దేశంలో తేలింది. అక్కడ ఏమైందో తెలుసా? ఆ రోజే బల్లల టెండరు, మూడింటికి ఆఖరు. రెండూ యాభై ఐదుకు నా బల్ల తిన్నగా లోపలికి పోయి వరసలో నిలబడింది. గెలిచింది. నాలుగు వేలు. నేనా, ఇంట్లో పడుకుని గురకపెడుతున్నా. నేను లేకుండా పోయింది గనకే గెలిచింది, ఉంటే ఏదో ఒకటి వాగి చెడగొట్టేవాణ్ని."

ఆ ఒక్క మాటే మావయ్య నోటి నుంచి ఆ పూట వచ్చిన నిజం. అది ఆయనకూ తెలుసు.

మేనకోడలు నవ్వు తుడుచుకుని, పెన్సిలు పక్కనబెట్టి కలం తీసింది. "పక్క దేశం సంగతి వదిలేద్దాం. మొదటి నలభై రాస్తాను మావయ్యా. కింద ఇంకోటి ఉంది విను. తప్పు రాస్తే కలిసి వేసిన దుకాణాలన్నిటినీ ఐదేళ్లు టెండర్లకు దూరం పెడతారట. మనకేం భయం, నీ నలభై ఉన్నాయిగా."

వెల్డరు మావయ్య వైపు చూశాడు. అన్నం పెట్టే చేతిని చూసినట్టు చూశాడు. మావయ్య గ్లాసెత్తి తాగబోయాడు. అది ఎప్పుడో అయిపోయింది.

"అన్నయ్యా, ఒక్కసారి లే" అంది టీకొట్టావిడ.

"ఎందుకమ్మా?"

"రెండేళ్లుగా నీ కథలు వింటున్నా. కథ విని చెడిపోయినవాళ్లు లేరు గనక ఊరుకున్నా. ఆ కాగితం పోతే మాత్రం ఈ తమ్ముడి ఇంట్లో పొయ్యిలో పిల్లి లేవదు. లే. తమ్ముడూ, ఆ బల్ల కింద లైటు వేసి చూడు."

వెల్డరు వంగి ఫోను లైటు వేశాడు. పలక అడుగున నీలం రంగు అక్షరాలున్నాయి. అతను కూడబలుక్కుంటూ పైకే చదివాడు.

"శాంపిలు పదిహేడు. అడిగినది ఐదు అడుగులు. ఉన్నది ఆరు అడుగులు. తిరస్కరించడమైనది."

మావయ్యకు సిగ్గుతో చెవులు కాలిపోయాయి. దాని వెనకే, రెండేళ్లుగా మోస్తున్న దుంగ ఎవరో దింపినట్టు తేలిగ్గా కూడా ఉంది.

"ఐదడుగులే అడిగారు" అన్నాడు, మొదటిసారి మెల్లగా. "పిల్లలు కదా, ఇంకొకడు పడతాడులే అని ఒక అడుగు కొసరు వేశా. మా నాన్న నేర్పింది అదే, అడిగిన దానికి నాలుగు వేళ్లు ఎక్కువే ఇవ్వమన్నాడు. గుమ్మంలో అడ్డంగా ఇరుక్కుంది. ఆ గుమాస్తా టేపు పెట్టి చూసి, ఎక్కువుందయ్యా, తీసుకుపో అన్నాడు. ఎక్కువిస్తే వద్దన్నవాణ్ని పుట్టాక అదే చూడటం. ఇంటిదాకా మోసుకుపోలేక రోడ్డు దాటి ఇక్కడే వదిలేశా. నేనిచ్చింది నలభై కాదు తల్లీ. ఒక్కటీ కాదు."

వెల్డరు ఏదో అనబోయాడు. మావయ్య అతన్ని అననివ్వలేదు.

"ముందు నువ్వు చెప్పు. శాంపిలు కాళ్లకు ఏ మందం ఇనుము వేశావు?"

వెల్డరు నేల చూశాడు. రాసిన దానికంటే కాస్త మందందే వేశానని, పిల్లలు ఊగుతారు కదా అని నసిగాడు.

"అనుకున్నా. పీకెయ్. కాగితంలో ఎంతుంటే అంతే, గోరంత ఎక్కువ వద్దు. ఇంకా నాలుగున్నర గంటలుంది, కోసి మళ్లీ అతుకు."

"నేను పాలిషు ఒక కోటు ఎక్కువేశా మావయ్యా" అంది మేనకోడలు చిన్నగా.

"అది టేపుకు దొరకదు. ఎవరికీ చెప్పకు."

వెల్డరు షెడ్డు వైపు పరుగు పెట్టాడు, పోతూ పోతూ బల్ల చివర మోకాలు తగిలించుకున్నాడు. మేనకోడలు ఫారం మూడో పేజీ తిప్పింది. చిన్న దుకాణాలకు అనుభవం లేకపోయినా వేయొచ్చని అక్కడ ఉందట. ఉంటే ఇంకాస్త మేలని ఆశపడింది, అంతే. కోపం లేదు ఆమె మొహంలో. పెద్దవాడివి, ఆ గడి నువ్వే నింపు అని కలం ఆయన చేతికిచ్చింది.

మావయ్య నెమ్మదిగా, అక్షరాలు చెక్కినట్టు 'లేదు' అని రాశాడు. తల వెనక్కి పెట్టి చూసుకున్నాడు. రెండే అక్షరాలు. గడిలో చాలా చోటు మిగిలిపోయింది.

"అయినా" అంటూ ఆయన కలం మళ్లీ ఆనించబోయేలోపే, మేనకోడలు లాక్కుని మూత పెట్టేసింది.