చెయ్యి అడక్కుండా చేసే పని

గోల్ఫ్ మైదానం చివర, గడ్డి కోసే యంత్రాలు పెట్టుకునే షెడ్డు ముందు, ముప్పై ఏళ్ళుగా అక్కడ గడ్డి పెంచి గడ్డి కోసిన మామగారు తన అల్లుడికి బంతి కొట్టడం నేర్పుతున్నారు. గంట గడిచేసరికి అల్లుడి చొక్కా తడిసింది గాని, మామగారి నోరు మాత్రం ఎండలేదు.

"మళ్ళీ గడ్డే లేచింది. బంతి ఉన్నచోటే ఉండి మిమ్మల్ని చూసి నవ్వుతోంది."

"మీరు పక్కన నిలబడి వాగుతుంటే ఎలా తగులుతుంది మామయ్యగారూ?"

"వాగకపోయినా తగల్లేదుగా అల్లుడుగారూ. ఇందాక మంచినీళ్ళు తాగడానికి అటు వెళ్ళాను. వచ్చేసరికి ఇక్కడ రెండు గోతులు."

"గడ్డి మీద ఉన్న ప్రేమ అల్లుడి మీద లేదు మీకు."

"గడ్డి నా మాట వింటుంది."

"ఆదివారం మా కంపెనీ పెద్దాయనతో ఆడాలి నేను. ఆయన ఆటకి పిలిచినవాళ్ళలోంచే మేనేజర్ని ఏరతాడు. అది తెలిసి కూడా..."

"తెలుసు కాబట్టే సెలవు రోజున వచ్చి నిలబడ్డాను. సరే, వినండి. చేతిలో కర్ర ఉందన్న సంగతే మర్చిపోండి. గచ్చు కడిగేటప్పుడు బకెట్టు పట్టుకుని, నడుము తిప్పి, నీళ్ళు పక్కకి చిమ్ముతాం చూడండి. అట్లా."

"నేనెప్పుడు కడిగాను గచ్చు?"

"పోనీ, తివాచీ తీగ మీద వేసి కర్రతో దులిపినట్టు."

"మా ఇంట్లో అవన్నీ మీ అమ్మాయి పనులు."

"పొడుగు కొడవలి పట్టారా ఎప్పుడైనా?"

"నన్ను చూస్తే గడ్డి కోసేవాడిలా ఉన్నానా?"

"అబ్బే, లేదు లేదు. గడ్డి కోసేవాడికి చేతులుంటాయి."

"మాటలు జాగ్రత్త మామయ్యగారూ!"

"కోప్పడకండి. నేను వయసులో ఉండగా ఒక బంతి కొట్టాను. పొద్దున కొడితే సాయంత్రానికి గానీ కింద పడలేదు. మధ్యలో ఓ కాకి దాన్ని గుడ్డనుకుని కాసేపు పొదిగింది కూడా."

"ఈ కోతలే మీ అమ్మాయికీ వచ్చాయి. అచ్చు మీ పోలికే."

"అమ్మాయి ఊసు ఇప్పుడెందుకు?"

"ఎందుకేంటి? స్నానాలగదిలో జారిపడి పన్ను విరగ్గొట్టుకుని, నేను కొట్టానని చెప్పి పదిరోజులుగా మీ ఇంట్లో కూర్చుంది. కోత కాదూ అది?"

"నేను దాని మాట నమ్మలేదని చెప్పానుగా."

"నమ్మలేదు సరే. పంపించారా మరి?"

"సాయంత్రం ఆరింటికి వచ్చి తీసుకెళ్ళండి. పెట్టె సర్దుకోమని నేనే అరిచాను. ఏడుస్తూనే సర్దింది. 'ఆ మనిషి నీళ్ళ బకెట్టు ఎత్తలేడు, చీపురు ఎత్తలేడు, నీ మీద చెయ్యెలా ఎత్తుతాడే పిచ్చిమొహమా' అన్నాను."

"ఇది మెచ్చుకోవడమా, తిట్టడమా?"

"ఎలా కావాలంటే అలా పుచ్చుకోండి. మాటంటే మాటే, ఆరింటికి పంపిస్తాను. ఊఁ, కొట్టండి."

"ఛ! మళ్ళీ!"

"అదిగో, బంతి దాకా వచ్చి చేతులు ఆగిపోతున్నాయి. 'తమరిని తాకవచ్చునా' అని దాన్ని అడుగుతున్నాయి."

"ఏం చెయ్యమంటారు మరి? ఏడవమంటారా?"

"ఆలోచన మానండి. మీ చెయ్యి మిమ్మల్ని అడక్కుండా చేసే పని ఏదో ఒకటి ఉండే ఉంటుంది. పుట్టిన ప్రతివాడికీ ఉంటుంది. అది పట్టుకోండి."

"నాకలాంటిదేం లేదు."

"దోమని కొట్టడమైనా?"

"లేదంటున్నానా!"

"అబ్బో, కోపానికేం తక్కువ లేదు. ఆ కోపాన్నే భుజంలోకి రానివ్వండి. ఎవరు గుర్తొస్తే వాళ్ళు. నేను గుర్తొచ్చినా ఏమనుకోను. కళ్ళు మూసుకోండి. ఊఁ."

"ఎదురు చెప్తావా!"

"కళ్ళు తెరవండి. అటు చూడండి."

"చూశారా! మామయ్యగారూ, చూశారా! జెండా దాటేసింది! గీత గీసినట్టు వెళ్ళింది!"

"వెళ్ళింది."

"అలా చూస్తారేంటి? ఏమైనా తప్పు చేశానా?"

"లేదు. ముందు భుజం తిరిగింది. వెనకే నడుము వచ్చింది. తగిలాక కూడా చెయ్యి ఆగలేదు. ఇవాళ కొత్తగా నేర్చుకున్న చెయ్యిలా లేదు."

"మీరు చెప్పినట్టే చేశాగా."

"ఏం గుర్తొచ్చింది?"

"ఏం గుర్తొస్తుంది? ఏమీ లేదు. బంతినే చూశాను."

"కళ్ళు మూసుకున్నారుగా."

"మనసులో చూశాను. బంతి! బంతి తప్ప ఇంకేం లేదు. అయినా తిన్నగా వెళ్ళాక మళ్ళీ ఈ విచారణ ఏంటి?"

"మంచిది. ఆ బంతినే అనుకుని ఇంకోటి కొట్టండి."

"చూడండి ఈసారి... నోర్ముయ్! ఏడవకు! ...హా! మళ్ళీ అక్కడికే! ఆదివారం ఇంక నాదే మామయ్యగారూ! పెద్దాయన కళ్ళు తేలెయ్యాలి!"

"కర్ర ఇలా ఇవ్వు."

"ఇవ్వు ఏంటి ఇవ్వు? మర్యాద ఎటు పోయింది?"

"ఇవ్వు ముందు. షెడ్డుకి తాళం వేసుకోవాలి. ఇంటికెళ్ళి పెట్టెలో బట్టలన్నీ తీసి మళ్ళీ బీరువాలో పెట్టాలి. నా మొహం చూడటానికి అది ఒప్పుకుంటే."

"బట్టలు తియ్యడమేంటి? ఆరింటికి పంపిస్తానన్నారు! మాటంటే మాటేనన్నారు! ఇంతలో ఏమైంది? నేను బంతిని తిన్నగా కొట్టడం తప్పా?"

"'ఏడవకు' అన్నావు. బంతి ఏడవదురా."