స్టార్టరు కాడి మనిషి

(రేగొండ. ఎండాకాలం, మధ్యాహ్నం. బావులకు మోటార్లు బిగించి, రిపేరు చేసే దుకాణం. జైపాల్ పోయాక భార్య రుక్మిణి నడుపుతోంది. హన్మకొండ నుంచి మోటార్ల డీలరు సురేందర్ వచ్చాడు.)

“గది కాదు చెల్లె నేనడిగింది. ఒక్క బావికి ఇద్దరినెందుకు తోలుతున్నవ్?”

“ఒకలు బావిల దిగుతరు. ఒకలు పైన స్టార్టరు కాడ ఉంటరు.”

“ఉండి?”

“ఉంటరు.”

“గదే అంటున్న. నిన్న కాటారం పోయి వస్తుంటె తొవ్వల ఒక బావి కాడ మీ లస్మయ్యను చూసిన. స్టార్టరు డబ్బకు వీపు ఆనించి దిష్టిబొమ్మ లెక్క నిలబడ్డడు. పిలిస్తె పలుకడు. ఫ్యూజులు పీకి పిడికిట్ల పట్టుకున్నడు. నీళ్లిస్తె తాగడు.”

“పని అయ్యేదాక తాగడన్నా.”

“ఏం పని? పానా పట్టరాదు, వైండింగు రాదు. ఇద్దరిని రెండు బావులకు తోలు, రెండు పనులైతయి. దుకాణం నడుపుడంటె గిది. జైపాల్ ఉంటె...”

“ఆయినకు గూడ గిదే చెప్పినవు గద.”

“ఏంది?”

“ఒక్కనివే పో, ఏం కాదని... చాయ చల్లారుతాంది, తాగు.”

“...గా ముచ్చట వేరు. వాడు దిగేటప్పుడు కరెంటు లేదు. దిగినంక వచ్చె. ఎవలో బటన్ ఒత్తె. వాని రాత.”

“టేకుమట్ల కాడ పొలమెండుతుండె. బలుబు వెలగంగనే ఉరికొచ్చి ఒత్తిన్రు. లోపట మనిషున్నడని తెల్వది.”

“సరె, సరె. ఇను. కంపెనీ ఏజెన్సీ నీకే ఇప్పిస్త. అది లేకుంటె దుకాణం దసరా దాక నడువదని నువ్వే అంటివి.”

“అవును.”

“కంపెనీ సారు శుక్రారం వస్తడు. ఉట్టిగ నిలబడే మనిషిని చూస్తె ఒప్పుకోడు. లస్మయ్యను బంద్ పెట్టు.”

“గదొక్కటి వద్దన్నా.”

“చుట్టమా?”

“కాదు.”

“మరెవలు తెచ్చిచ్చిన్రు?”

“ఎవ్వలు తేలే. ఆయినంతట ఆయినే వచ్చి గీ గడప కాడ కూసున్నడు. పొమ్మన్న. పోలే. తెల్లారి మల్ల పొమ్మన్న. పోలే.”

“ఆయినను చూస్తె నాకే గుబులైతది చెల్లె.”

“నాకు కాదా? ఇంటికొచ్చినంక గూడ పిడికిలి ఇడువడు. ఒక్కొక్క వేలు నేనే ఇప్పుత.”

“నువ్వా!... ఏజెన్సీ పోతది, చెప్తున్న.”

“పోనీ.”

“పిచ్చి పట్టిందా? గంత అక్కెరైతె ఎవన్నో నిలబెట్టుకో. గాయినే ఎందుకు?”

“వేరేటోల్లు ఎప్పుడన్న బీడీకన్న పక్కకు పోతరు. లస్మయ్య పోడు.”

“పోడని నీకెట్ల తెలుసు?”

“ఆ దినం బటన్ ఒత్తిన చెయ్యి ఆయినదే అన్నా.”