ఒబడయా గారి చిన్న కూతురు

ఇంగ్లండులోని హల్ రేవుపట్నంలో పాత రికార్డుల గది. విక్టోరియా రాణి కాలంలో తిమింగలాల నూనె అమ్మి మేడ కట్టిన ఒబడయా రస్బీ, నానమ్మకి తాతగారు. ఆ మేడకి ఆయన పేరుతో స్మారక ఫలకం పెట్టించాలని వివరాల కోసం వచ్చారు అక్కాతమ్ముళ్లు.

"అక్కా, ఆయన చిన్నకూతురు లెటీస్ తొమ్మిదో ఏట జ్వరంతో పోయిందనేగా నానమ్మ చెప్పింది?"

"అవును. ఆ దిగులుతో ఆయన మళ్లీ నవ్వనే లేదట. ఏం?"

"ఈ రిజిస్టర్లో చూడు, తనకి ముప్ఫై ఏళ్లు దాటాక కూడా బతికే ఉంది. పిచ్చాసుపత్రిలో."

"ఛ, ఇంకెవరో అయ్యుంటుంది."

"చేర్పించింది ఆయనే. ఇదిగో సంతకం. జబ్బు మూర్ఛట."

"మూర్ఛకా? అంతమాత్రానికేనా?"

"అంతే. ఆసుపత్రి ఆయన మేడమీంచి కనిపించేంత దూరమే. అయినా చూడ్డానికి ఎవరూ వచ్చినట్టు లేదు."

అక్క కళ్లద్దాలు తీసి తుడుచుకుంది. తుడిచినా మసకగానే ఉంది.

"నానమ్మ ఏటా ఈస్టరుకి ఆ పిల్ల సమాధి మీద పూలు పెట్టేది రా. నన్నూ తీసుకెళ్లేది."

"అందులో ఎవరూ లేరక్కా. లెటీస్‌ని ఆసుపత్రి వెనకాల పాతిపెట్టారు. ఇప్పుడక్కడ కార్లు పెట్టుకుంటున్నారు."

"ఫలకం వద్దని చెప్పేయ్."

"సరే."

"నానమ్మ ఉండగానే వెతకాల్సింది."

"తెలిస్తే తట్టుకునేదంటావా?"

"తట్టుకునేది కాదు. కానీ ఏడవాల్సిన చోటే ఏడ్చేది కదరా."