సబ్బు సీసా

పసిపిల్లల వార్డులో పధ్నాలుగు మంది ఉంటే ముగ్గురికి ఒకేసారి జ్వరం తగులుకుంది. ల్యాబ్ ఆవిడ పరుగున హెడ్ నర్సు దగ్గరికి వచ్చింది.

"అక్కా, బాక్టీరియా దొరికింది. మీ సబ్బు సీసాలోనే ఉంది."

"సబ్బులో చావదటే అది? నీకేమన్నా మతిపోయిందా?"

"దాని ఒళ్లంతా కలిపి ఒక్క కణం. మట్టిలో, నీళ్లలో, మన పేగుల్లో, ఎక్కడైనా బతికేస్తుంది. కొన్నిటికి సబ్బు కూడా ఇల్లే. సీసా ఎప్పుడు కడిగారు?"

"సబ్బు సీసాని ఎవరైనా కడుగుతారా? తగ్గినప్పుడల్లా పైన పోస్తాం. కొత్తది అడిగితే ఆఫీసులో నవ్వారు."

"ఎన్నాళ్లుగా పోస్తున్నారు?"

"ఆరేళ్లుగా."

"ఇవాళ దాంతో చేతులు కడుక్కున్నదెవరు?"

"నేనే. జ్వరాలని భయపడి రెండుసార్లు రుద్దుకున్నాను."

"తర్వాత?"

"మిగతా పదకొండు మందికీ నేనే పాలు పట్టాను."